ప్రసాదం వద్దన్న మనిషి

ముసలాయన ప్రసాదం తీసుకోలేదు.

ఆకు దొన్నెలో పెట్టిన మామిడికాయ పులిహోరను రెండు చేతులతో మెల్లగా వెనక్కి జరిపాడు.

అక్కడున్న పదిమందీ చూశారు.

"ఏంది, మా దేవుని ప్రసాదం చేదా?" అన్నాడు కిషోర్.

"నేను తినొద్దు సారూ."



ఆదివారం కావడంతో దుమ్ముగూడెం అవతల అడవి అంచున ఉన్న ఆ ప్రభుత్వ బడిలో పిల్లలెవరూ లేరు. వరండా పక్కన కొత్తగా సిమెంటు గద్దె లేచింది. దానిమీద గుడ్డ కప్పిన విగ్రహం ఉంది. పెట్టిస్తున్నది మండల నాయకుడు కిషోర్. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆయన వెంట జీపులో వచ్చినవాళ్ళే.

హెడ్మిస్ట్రెస్ శోభారాణి బదిలీ మీద ఆ బడికి వచ్చి రెండు నెలలే అయింది. పిల్లలు ఇరవై రెండు మంది. వాళ్ళలో పద్నాలుగురు వాగు అవతలి కోయగూడెం వాళ్ళు. సోమవారం తనిఖీ. హాజరు ఇరవైకి ఒక్కరు తగ్గినా బడి మూసేస్తారని కబురు. తనిఖీ సంగతి తను చూసుకుంటానని, గద్దెకు మాత్రం అడ్డు చెప్పొద్దని కిషోర్ అన్నాడు.

ఆమె అడ్డు చెప్పలేదు.

చెప్పింది ఈ ముసలాయన. ఎక్కడినుంచో నడిచి వచ్చాడు. గద్దెను కాసేపు చూసి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"బడిల ఏ సామీ ఒద్దు మేడం. సాములకు వేరే జాగలున్నయి. పిల్లలకు ఇదొక్కటే."

ఆ మాట కిషోర్ చెవిన పడింది. వెంటనే దొన్నె తెప్పించాడు. తింటే మనవాడు, తినకపోతే ఎవరో తేలిపోతుందని పక్కవాడితో అన్నాడు.

ఇప్పుడు తేలిపోయింది.

"ఏ చర్చి పంపింది తాతా నిన్ను? ఇప్పటిదాకా ఎందర్ని మీ మతంల కలుపుకున్నవ్?"

అందరూ నవ్వారు. ఒకడు ఫోన్లో ఫొటో తీసి అక్కడికక్కడే మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ముసలాయన తల వంచుకోలేదు.

కిషోర్ ఆమె వైపు తిరిగాడు.

"ఈయన మీకు తెల్సా మేడం?"

తెలియకపోయినా ఒక మాట అడ్డు వేయొచ్చు. పెద్దమనిషి, వదిలెయ్యండి అనొచ్చు. శోభారాణికి సోమవారం గుర్తొచ్చింది.

"తెలియదు సార్."

ఇద్దరు మనుషులు ఆయన్ని రెక్కలు పట్టి జీపెక్కించారు. కాస్త మాట్లాడి పంపిస్తామన్నారు.

జీపు ఊరి వైపు వెళ్ళలేదు. అడవి దారి పట్టింది.

సోమవారం బడికి ఎనిమిది మందే వచ్చారు.

అధికారి వచ్చేది పదకొండుకి. శోభారాణి స్కూటీ వాగు దగ్గర ఆపి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళు దాటింది.

గూడెంలో ఒక్క మగమనిషి లేడు. తలుపులన్నీ దగ్గరికి వేసి ఉన్నాయి. రెండో తరగతి పిల్ల తల్లి ఎర్రమ్మ మాత్రం గడపలో కూర్చుని ఉంది. మేడం వచ్చినా లేవలేదు.

ఈ ఒక్కరోజు పిల్లల్ని పంపమని శోభారాణి బతిమాలింది. మగవాళ్ళతో మాట్లాడతానంది.

"ఎతకబోయిండ్రు," అంది ఎర్రమ్మ.

"ఎవరిని?"

ఎర్రమ్మ ఫోన్ చాపింది. తెర మీద ముసలాయన. వెనక బడి వరండా.

"మామిడి పండుగ చెయ్యంది కొత్త కాయ మేమెవ్వరం ముట్టం మేడం. ఆయనైతే అసలే ముట్టొద్దు."

శోభారాణి మళ్ళీ ఫోన్ వైపు చూసింది.

"ఎవరాయన?"

ఎర్రమ్మ అడవి వైపు నుంచి చూపు తిప్పలేదు.

"మా గూడెం పూజారి. ఇంటింటికీ తిరిగి మా పద్నాలుగు మంది పిల్లల్ని మీ బడిల ఏయించింది ఆయనే."