సున్నపు గీత

కోట్ల ఏళ్ల కిందట రాతిపొరల్లో వేడినీళ్లు ఖనిజాన్ని మోసుకుపోయిన దారిని ఇప్పుడు ఎవరి దొడ్లో వాళ్లే ఖనిజం ఉన్నచోట ఎర్రబడే చేతిదీపంతో వెతికి, తడిసున్నంతో గీత గీయాలి. మధ్యాహ్నానికల్లా గని యంత్రాలు వచ్చి, గీత ఎంత వెడల్పుంటే అంత మేర దాని వెంబడి తవ్వుకుపోతాయి. ఓబులమ్మ దీపం ఎర్రబడుతూ, నిరుడు భర్తను పూడ్చిన చోటికే దారి చూపింది. ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఏమక్కా, ఆడనే నిలబడ్నావ్? బావతో ముచ్చట్లా?" అంటూ గోడ అవతలినుంచి తోడికోడలు పుల్లమ్మ నవ్వింది.

ఓబులమ్మ గీతను పక్కకు తిప్పేసింది. సమాధి తప్పింది. తలెత్తి చూస్తే గీత సూటిగా పుల్లమ్మ వంటింటికి పోతోంది.

"అదేందక్కా, మా ఇంటి తట్టు తిరిగింది?" పుల్లమ్మ గొంతులో నవ్వు లేదు. "దీపం సరిగ్గా చూసినావా?"

ఓబులమ్మ గబగబా కొంగుతో సున్నాన్ని తుడవసాగింది. తుడిచేకొద్దీ గీత మరింత వెడల్పయింది.