పారిస్ కబురు

"బండ్లకి అడ్డం లేవండి! లేకపోతే కాల్పించేస్తాను!"

దివాను మోర్వో అరిచిన అరుపుకి రేవు దారి మీదున్న జనం ఒక్కసారిగా నోళ్ళు మూశారు. అతని వెనక అయిదు బండ్లు, వాటి నిండా దొరగారి గాదెల్లోని గోధుమలు. కింద యోన్ నదిలో పడవ సిద్ధంగా ఉంది. ఊరంతా చర్చిలో ఉండే వేళ చూసి, ఆదివారమని కూడా చూడకుండా ధాన్యం దాటించేద్దామనుకున్నాడు. కానీ చక్రాల చప్పుడు పాదిరిగారి ప్రసంగం కంటే గట్టిగా వినిపించింది. పూజ మధ్యలోనే జనం లేచి వచ్చేశారు.

పీపాలు చేసే ఎతియెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అయ్యా, కోతలకి ఇంకా మూడు వారాలుంది. పిల్లలు తవుడు కలిపిన రొట్టె తింటున్నారు. రెండు బండ్లయినా ఊళ్ళో దించండయ్యా."

"ఆకలైతే నీళ్ళు తాగండి. ఏటి నిండా ఉన్నాయి," అన్నాడు మోర్వో. బంట్ల వైపు చెయ్యూపాడు. నలుగురు బంట్లు తుపాకులు ఎత్తారు.

ఎతియెన్ ఒకడుగు వెనక్కి వేశాడు. పక్కనున్న కమ్మరీ వేశాడు. అది చూసి ఇంకో పదిమంది వేశారు. మోర్వో మీసం కింద నవ్వాడు. ముందు బండి కదిలింది.

అప్పుడు ఎతియెన్ భార్య క్లోదీన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎద్దుల ముందు నిలబడింది.

"కాల్చండి నాయనా, కాల్చండి. పారిస్‌లో కూడా ఇలాగే కాల్చారు, పాపం."

"పారిస్‌లో ఏమిటే?" అన్నాడు మోర్వో.

"మీకింకా తెలీదా? జనం రాజుగారి కోట పట్టుకున్నారు. సిపాయిలు తుపాకులు తిప్పేసి జనంలో కలిసిపోయారు."

మోర్వో గొంతు కాస్త తగ్గింది.

"ఏ కోట?"

క్లోదీన్ తలగుడ్డ సర్దుకుంది. "బాస్టిల్."

"ఎప్పుడు?"

"మొన్న శుక్రవారం. పారిస్ నుంచి వచ్చిన పడవవాళ్ళు చెప్పారు. వాళ్ళ కళ్ళతో చూశారట."

"మరి... కాల్చిన వాళ్ళు?" అన్నాడు ముసలి బంటు రెమీ.

"వాళ్ళనేం చేశారో నేను చెప్పను. ఇక్కడ పిల్లలున్నారు."

రెమీ మోర్వోని చూశాడు, జనాన్ని చూశాడు. తుపాకి దించేశాడు.

"దివానుగారూ, నాకు ముగ్గురు ఆడపిల్లలు. నావల్ల కాదు."

"ఎత్తరా తుపాకి!"

"మీరే ఎత్తండి," అని రెమీ తుపాకిని దారి మీద పడుకోబెట్టాడు. మిగిలిన ముగ్గురూ అదే పని చేశారు.

ఇందాక వెనక్కి వేసిన అడుగులన్నీ ముందుకొచ్చాయి. ఎతియెన్ అందరికంటే ముందు నిలబడ్డాడు. టోపీ నెత్తిన పెట్టుకుని, దివాను కళ్ళలోకి సూటిగా చూస్తూ చెయ్యి చాచాడు.

"గాదెల తాళాలు ఇలా ఇవ్వండి."

మోర్వో ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాళాల గుత్తి అతని చేతిలో పడేసి వెనక్కి తిరిగాడు. దొరగారి కోటలోకి వెళ్ళి తలుపులేసుకున్న మనిషి మళ్ళీ బయటికి తొంగి చూడలేదు.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా పొయ్యిలు వెలిగాయి. కొలిచి కొలిచి ఇంటింటికీ గోధుమలు పంచారు. ముందుగా బాలింతరాళ్ళకి, తర్వాత ముసలివాళ్ళకి. కమ్మరి స్వయంగా చర్చి గంట మోగించాడు. తెల్ల రొట్టె చేతికి వస్తే ముసలి మార్గరీత్ తినకుండా చాలాసేపు వాసన చూస్తూ కూర్చుంది. వీధిలో ఫిడేలు మోగింది. "రాజుగారి కోటే పడిపోతే మన దొరగారి గోడెంత!" అని ఆడా మగా గొంతెత్తి పాడారు.

క్లోదీన్ మాత్రం రొట్టె పిల్లలకి తుంచి పెట్టిందే కానీ తాను ముద్ద ముట్టలేదు. అలసిపోయిందనుకున్నాడు ఎతియెన్.

గురువారం మధ్యాహ్నం, పారిస్ నుంచి వచ్చే సాన్స్ దారిలో దుమ్ము లేచింది. టోపీకి ఎరుపూ నీలమూ రిబ్బన్లు కట్టుకున్న రౌతు ఒకడు నురగలు కక్కుతున్న గుర్రం మీద వచ్చి సంతవీధిలో ఆగాడు. ఊరంతా చుట్టూ మూగింది. క్లోదీన్ ఎతియెన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రౌతు గుర్రం మీదే లేచి నిలబడ్డాడు.

"వినండహో! పారిస్ జనం గెలిచారు! బాస్టిల్ కోట పడిపోయింది!"

కేకలు వేస్తారనుకున్నాడు. జనం పకపకా నవ్వారు.

"పాచిపోయిన కబురు తెచ్చావయ్యా," అన్నాడు కమ్మరి. "మాకెప్పుడో తెలుసు. దిగు, ఇంత వైను తాగు."

రౌతుకి రోషం వచ్చింది.

"ఎప్పుడో తెలియడమేమిటి? దారిలో మూడు గుర్రాలు మార్చి, కన్ను మూయకుండా వచ్చాను! కోట పడింది మొన్న మంగళవారం సాయంత్రం. నా కళ్ళముందే వంతెన దించారు!"

నవ్వులు ఆగిపోయాయి. ఎతియెన్ వేళ్ళు మడుస్తూ రెండుసార్లు లెక్క చూసుకున్నాడు. తర్వాత మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"ఏమే, మరి ఆదివారం నాడు నీకు చెప్పిన పడవవాళ్ళు ఎవరే?"

క్లోదీన్ నాలుగు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలింది.

"ఏ పడవవాళ్ళూ లేరయ్యా. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పకపోతే బండ్లు వెళ్ళిపోయేవి కదూ!"