నలభై పూటల ఖర్చు

"ఈ నలభై ఏమిటి?" బడ్జెట్ కాగితంలో రోజలిదా వేలు ఆ అంకె మీద నిలిచిపోయింది.

"నలభై పూటలమ్మా" అన్నాడు ముతిసో. వ్యాపారం నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టిస్తానని నైరోబీ నుంచి వచ్చినవాడు. "మీ పక్కన కూర్చుని, మీరు చెప్పేవన్నీ రాసుకుని కంప్యూటర్‌కి ఎక్కించాలి కదా. దానికి రెండు లక్షల ఎనభై వేల షిల్లింగులు."

"సాఫ్ట్‌వేర్‌కేమో రెండు లక్షలేనా? కోడి కన్నా మసాలాకే ఎక్కువైందే! నా నోట్లో మాట నేను చెప్పడానికి నీకు నేను డబ్బివ్వాలా, నాయనా?"

ముతిసో నవ్వలేదు. తెల్లబోనూ లేదు. అదే ఆమెకు నచ్చలేదు. ఎంత ఆరితేరిన అమ్మకందారైనా ఆ మాటకి ఒక్క క్షణం తడబడాలి. వీడు బట్టీపట్టిన పాఠంలా అప్పజెప్పాడు.

"సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా దొరుకుతుందమ్మా. మీ దగ్గరున్న సంగతులే దొరకవు. యాభై మూడు బళ్ళు, ఒక్కో బడికి ఒక్కో రంగు స్వెటరు. ఎవరికి ఏ రంగు, ఏ బడికి ఎన్నాళ్ళు అరువు, ఏ ఊలు ఉతికితే రంగు వెలిసిపోతుంది... అన్నీ మీ తలలోనే ఉన్నాయి. కాగితం మీద ఒక్క ముక్క లేదు."

నిజమే, లేదు. ఇరవై ఆరేళ్ళుగా కిసుములో, కిబుయే సంత వెనక, ఆ యూనిఫాంల కుట్టుశాలను ఆమె తలలోనే పెట్టుకుని నడిపింది. రాసిపెడితే ఎవడో చదువుతాడు. చదివినవాడు పక్కవీధిలో దుకాణం తెరుస్తాడు. కీడెంచి మేలెంచాలన్నది ఆమె పద్ధతి. అయినా యాభై మూడు బళ్ళని వీడికెవరు చెప్పారు?

కూతురు అపొండి వైపు చూసింది. అపొండి కళ్ళు దించుకుంది.

ఇంకొకటి కూడా ఆమె కంటపడింది. ఆ గదిలో ఒక కుర్చీకి కాలు వదులు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ దాని మీద కూర్చుని కూలబడాల్సిందే. ముతిసో లోపలికి రాగానే దాన్ని తప్పించి, మూలనున్న ముక్కాలిపీట లాక్కున్నాడు. అంటే తాను లేనప్పుడు వీడిక్కడికి వస్తున్నాడన్నమాట. తలలోది బయటికి లాగేశాక తనతో వీళ్ళకేం పని? పండు తిని తొక్క పారేసినట్టు, సొంత కుట్టుశాల గుమ్మం బయట కూర్చోబెడతారు. పోయిన వారం ఆకుపచ్చ స్వెటర్లు వెళ్ళాల్సిన బడికి మెరూన్‌వి రెండొందలు వెళ్ళాయి. తాను ఆకుపచ్చే చెప్పింది. తనని చేతకానిదానిగా చూపించాలని ఎవరో కావాలనే మార్చారు. ఎవరో ఇప్పుడు తెలిసొస్తోంది.

సరే, వీళ్ళ లోతెంతో చూద్దామనుకుంది.

"ఆ నలభై పూటలకీ లక్షా తొంభై వేలు. పైన ఒక్క షిల్లింగు ఇవ్వను."

ముతిసో సంచిలోంచి ఇంకో కాగితం తీసి ముందు పెట్టాడు. అందులో నలభై పూటల వరుసకెదురుగా లక్షా తొంభై వేలని అచ్చయి ఉంది.

రోజలిదా ఆ కాగితాన్ని కళ్ళ దగ్గరికి తీసుకుంది. తన నోటి నుంచి రాకముందే తన బేరం కాగితానికెక్కింది!

"ఒదిందో!" అని కేకేసింది. బట్ట కత్తిరించే బల్ల దగ్గర ముసలాయన తలెత్తాడు. కుట్టుశాల తెరిచిన రోజునుంచీ ఉన్నవాడు. "నువ్వు చెప్పు. ఈ కాగితం సంగతి నీకు తెలుసా?"

"సంతకం పెట్టు, న్యార్ అలెగో" అన్నాడతను. ఆమెను పుట్టింటి ఊరిపేరుతో పిలిచే హక్కు అక్కడ అతనొక్కడికే ఉంది. "జనవరిలో బళ్ళు తెరుస్తారు. ఆలోగా అయిపోవాలి."

"నువ్వు కూడానా? ఎంత ముట్టజెప్పారేం?"

"పళ్ళు లేని నోటికి మాంసం ఎవడు పెడతాడు?" అన్నాడు ఒదిందో. అయితే ఆ కత్తెర మళ్ళీ కదల్లేదు.

అపొండి వెళ్ళి అమ్మ ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "అమ్మా, సంతకం పెట్టి బయానా కూడా ఇప్పుడే పంపెయ్. నీ రహస్య నంబరు నువ్వే కొట్టు, మేం చూడం. రేపటికి మాత్రం పెట్టొద్దు."

"ఏం, రేపు సూర్యుడు పొడవడా?"

"పొడుస్తాడు" అంది అపొండి. "నా మాట విను. ఈ ఒక్కసారికి."

"మంచి పనికి ఇంత తొందరుండదే పిల్లా. దొంగపనికే ఉంటుంది."

"నిన్ను నేను దోచుకుంటానా అమ్మా?"

"అడిగితే ఏ దొంగైనా ఔనంటాడా?"

రోజలిదా కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివింది. తప్పు పట్టడానికి ఒక్క వరుసా దొరకలేదు. అచ్చం తానే కూర్చుని రాయించినట్టుంది. భయపడి వెనక్కి తగ్గిందన్న మాట తనకెందుకని, కలం తీసుకుని సంతకం పెట్టింది.

"డబ్బు మాత్రం రేపు పొద్దున. ఒక రాత్రి నిద్రపోయి లేవకుండా నేనెవరికీ ఇంత సొమ్ము ఇచ్చి ఎరగను."

ఫోనును నడుముకు చుట్టుకున్న లెసో గుడ్డ కొంగున గట్టిగా ముడేసుకుంది.

అపొండి కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి. దొరికిపోయినవాళ్ళ ఏడుపు ఇలాగే ఉంటుందనుకుంది రోజలిదా. కన్న కూతురే! అయినా తాను మెలకువగా ఉండబట్టి సరిపోయింది.

"రేపొస్తానమ్మా" అని ముతిసో లేచాడు. అపొండి కళ్ళు తుడుచుకుని ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టింది.

అదే బడ్జెట్ మీద ఆ నెలలో రోజలిదా పెట్టిన నాలుగో సంతకం అది. ముందు పెట్టిన మూడూ ఆమెకు గుర్తులేవు.