శెట్టిగారి గాలం

“ఒక్క విసురు, శెట్టిగారూ! గాలం ఒక్కసారి ఇయ్యండి,” అని తిరుమలై మళ్ళీ అడిగాడు.

బాహూరు చెరువులో చేపలు దూరంగా ఎగురుతున్నాయి. అతని వెదురు కర్ర అంతదూరం అందదు. ఇంటిదగ్గర బాలింతగా ఉన్న భార్య శివగామికి పాలు పడలేదు. చేపల పులుసు పెట్టమంది మంత్రసాని. బిడ్డ ఏడుపు అతని చెవుల్లోంచి పోవడం లేదు.

“ఊహూఁ. పరాసు దొర కాడ కొన్నది. విరిగితే యాడ తెచ్చేది?” అంటూ దామోదరం శెట్టి విసిరాడు. ఆ ఫ్రెంచి గాలం చివర ఎరగా ఈకలతో కట్టిన దొంగ ఈగ నీటిమీద వాలింది.

“మీ ఇంట్లో చేప వాసనే పడదు. మీకేందికి సామీ ఇది?”

ఓపిక చచ్చి తిరుమలై గాలం లాక్కుని విసిరాడు. వాలీ వాలగానే ఈగను చేప అందుకుంది. లాగితే జారిపోయింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ జారింది. దారం చుట్టి చూస్తే ఈకల కింద ముల్లే లేదు.

“నేనే విరిచేసినా,” అన్నాడు శెట్టి తల దించుకుని. “విసరడం బాగుంటాది. చేప నోరు చీలితే చూళ్ళేను. ఎవురికీ చెప్పబాక, నవ్వుతారు.”

తిరుమలైకి నవ్వు రాలేదు. “బిడ్డకి పాల్లేవు, సామీ.”

“ముందే చెప్పకూడదా?”

శెట్టి, తిరుమలై వెదురు కర్రకున్న ముల్లు విప్పి, ఈకల కింద బిగించి కట్టాడు. గాలం తిరుమలై చేతికిచ్చి, చెరువుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

“పడితే నాకు చెప్పబాక. గాలం గట్టుమీద పెట్టేసి పో.”