మూడో వారం కాళ్లు

కాలేజీ హాకీలో నూకరత్నం బంతి అందుకుందంటే గోలే. కానీ ప్రొఫెషనల్ జట్లు ఇప్పుడు ఆట చూడటం మానేశాయి. కాలికి నెల్లాళ్లు కదలికలు కొలిచే పట్టీ కట్టించి, ఆ కదలికలతో కంప్యూటర్లోనే వెయ్యి మ్యాచ్‌లు ఆడించి చూస్తున్నాయి. నూకరత్నమూ కట్టుకుంది. మూడో వారం కాలేజీ పరీక్షలొచ్చాయి. కూర్చుని చదివితే బద్ధకస్తురాలనుకుంటారని, పట్టీ తీసి అమ్మ కాలికి కట్టింది.

ఎంపిక ఫలితం రోజు కాలు నిలవక ఇల్లంతా తిరుగుతుంటే జట్టు కోచ్ ఫోన్ చేశాడు.

"ఫార్వర్డ్‌గా నువ్వు మాకు కుదరవమ్మా. కానీ ఆ మూడో వారం! పద్దెనిమిది గంటలు ఆగని కాళ్లు! డిఫెన్స్‌లో చోటు నీదే."

నూకరత్నం ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నారే?" తడిబట్టల బకెట్‌తో వచ్చింది అమ్మ.

"నిన్ను తీసుకున్నారమ్మా."

"నాకెక్కడ తీరుతుందే, పొయ్యి మీద అన్నముంది!" అంటూ అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది.