రాణి గూళ్లు

తిరుమలగిరిలో జకర్యా పెంచే తేనెటీగలు ఏటా పెట్టె ఖాళీ చేసి లేచిపోయేవి. పక్కింటి పీర్ మహమ్మద్ ఈగలు మాత్రం కదిలేవి కావు. జకర్యాకు కళ్లు కుట్టేవి.

నిజాం రాజ్యంలోకి సైన్యం దిగిన పోలీస్ యాక్షన్ వారంలో పీర్ మహమ్మద్‌ను రజాకారన్న అనుమానం మీద పట్టుకుపోయారు. జకర్యా గోడ దూకి అతని పెట్టె తెరిచాడు. కొత్త రాణులు పుట్టబోయే గూళ్లు నాలుగు కనిపించాయి. వాటిని కోసేస్తే గుంపు లేవదు; వదిలేస్తే పాత రాణి సగం ఈగలతో లేచిపోతుంది. జకర్యా కోయకుండానే మూత పెట్టేశాడు.

మూడోనాడు సగం ఈగలు లేచొచ్చి జకర్యా ఖాళీ పెట్టెలోనే దిగాయి.

నెలకు విడుదలైన పీర్ మహమ్మద్ గోడ మీదుగా ఆ పెట్టెను చూశాడు. జకర్యా తల దించుకున్నాడు.

"నన్ను తీస్కపోయిన దినం పొద్దుగాలనే ఆ గూళ్లు చూసిన భాయ్," అన్నాడు పీర్ మహమ్మద్. "కొయ్యకుండ ఇడిచిపెట్టిన. జెర నీ దిక్కు సుత రానీ అనుకున్న."