కిటికీ అవతలి గొంతు

ల్యాబ్ కిటికీలోకి వచ్చిన రిపోర్టును టెక్నీషియన్ తలెత్తకుండా, పేరైనా చూడకుండా చదివాడు.

"ఎంసీహెచ్ తక్కువుందమ్మా. అంటే ఒక్కో ఎర్రకణంలో ఉండాల్సినంత హిమోగ్లోబిన్ లేదు. ఎక్కువగా ఐరన్ తగ్గితే ఇలా వస్తుంది. కారణం డాక్టరు తేల్చాలి. నీరసంగా ఉంటోందా?"

"ఆరు నెలలుగా," అంది అద్దం అవతలి గొంతు, నెమ్మదిగా. "మెట్లెక్కితే ఆయాసం."

"ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదా?"

రిపోర్టు వెనక్కిస్తూ తలెత్తాడు. ఎదురుగా అతని భార్య, చేతిలో టోకెన్‌తో నిలబడి ఉంది.

"నువ్వా? ఇంట్లోనే అడగొచ్చుగా," అన్నాడు గొంతు తగ్గించి.

"అడిగాను. బద్ధకానికి మందు లేదన్నారు మీరు. ఇక్కడైతే అందరికీ ఓపిగ్గా చెప్తారని విన్నాను."

వరుసలో వాళ్లంతా విన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. లేవబోయాడు.

"కూర్చోండి," అందామె రిపోర్టు మడుచుకుంటూ. "నా వెనక చాలామంది ఉన్నారు."